చెక్కుచెదరని రెక్క

విమానం తోక విరిగి ఒక పక్కకి వేలాడుతోంది.

కొత్త విమానం. పొద్దున్నే పూజ జరిగింది. ముక్కు మీద రాసిన పసుపు ఇంకా పచ్చిగానే ఉంది.

భీమవరం దిగువన, రొయ్యల చెరువుల మధ్య, గోపాలకృష్ణంరాజు గారు నడిపే ఫ్లయింగ్ స్కూలు అది. ఉదయం తొమ్మిదిన్నరకి ఒక ట్రైనీ ఒంటరిగా రన్‌వే వైపు విమానం నడుపుకుంటూ వెళ్తోంది. ఆ విమానం రెక్క, ఆగి ఉన్న ఈ కొత్త విమానం తోకని కొట్టింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

ట్రైనీ పేరు లోవలక్ష్మి. ఉప్పాడలో చేపల వేటకి వెళ్లే కుటుంబం. తప్పు ఖాయమైతే ఆమె చదువు ఇవాళ్టితో సరి.

ఇన్వెస్టిగేటర్ విజయ్ పాల్ మధ్యాహ్నం వచ్చాడు. దిగీ దిగగానే రాజుగారు భోజనానికి పిలిచారు. గోదావరి మర్యాద. పులుసు వాసన నోరూరిస్తున్నా, పని చూసుకుని వస్తానన్నాడు.

లోవలక్ష్మి తల ఎత్తలేదు.

"ఏం జరిగిందమ్మా?"

"నా తప్పేనండి."

"రన్‌వేకి దారి చూపే పసుపు గీత మీదే వెళ్లావా?"

"గీత తప్పానని రాసిచ్చానండి."

"రాసిచ్చావు సరే. తప్పావా?"

సిగ్గుతో చచ్చిపోతోంది పిల్ల.

గ్రౌండ్ ఇన్‌చార్జ్ లోకనాథ్ మాత్రం అడక్కముందే అందుకున్నాడు. "గీత వదిలేసి కుడికి తిరిగిందండి. కళ్లారా చూశాను."

"అప్పుడు ఈ విమానం ఎలా ఉంది?"

"ఇలాగేనండి. ముక్కు గీత వైపు, తోక వెనక్కి. అన్నీ అలాగే పెడతాం."

"ఎవరూ కదపలేదు?"

"లేదండి."

"ఇక్కడ ఒక్కచోటే గచ్చు ఎందుకు కడిగారు?"

"కుంకుమండి. జారుతుందని."

విజయ్ పాల్ నిచ్చెన వేయించుకుని, కొత్త విమానం రెక్క చివర వేలితో తడిమి చూశాడు. తర్వాత గచ్చు మీద గొంతుక్కూర్చున్నాడు. చాలాసేపు లేవలేదు.

లేచాక అందరినీ హ్యాంగర్‌లోకి పిలిచాడు. రాజుగారి తల్లి మాణిక్యాంబ కూడా వచ్చి కుర్చీలో కూర్చుంది. ఎనభై ఏళ్ల మనిషి. పొద్దున కొబ్బరికాయ కొట్టింది ఆవిడే.

"రెండూ ఒకే రకం విమానాలు. రెక్కలు ఒకే ఎత్తు," అన్నాడు విజయ్ పాల్. "గీత వైపు నుంచి చూస్తే ముందు ముక్కు, తర్వాత రెక్కలు, చివర్న తోక. ముక్కు రెక్కల కన్నా కిందుంటుంది. ఈ అమ్మాయి గీత తప్పి లోపలికొచ్చినా ముందు తగలాల్సింది కొత్త విమానం రెక్కకే. అది చెక్కుచెదరలేదు. మరి తోక ఎలా విరిగింది?"

విజయ్ పాల్ బయటి గచ్చు వైపు చెయ్యి చూపించాడు.

"చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించారు కదా. కుంకుమ నీళ్లతో పోతుంది. నిమ్మరసం సిమెంటుని తినేస్తుంది. మూడు తెల్ల మచ్చలున్నాయి. ముందు చక్రం మచ్చ తూర్పున ఉంది. ఇప్పుడు ఆ చక్రం పడమరన ఉంది."

లోకనాథ్ మొహం పాలిపోయింది.

"పూజకి విమానాన్ని తూర్పుముఖంగా తిప్పారు. తోక దారిలోకి వచ్చింది. ప్రసాదాల హడావిడిలో మళ్లీ తిప్పడం మరిచారు. గుద్దుకున్నాక తిప్పారు."

"పిల్లని రమ్మని చెయ్యి ఊపింది నేనేనండి," అన్నాడు లోకనాథ్, చేతుల్లో మొహం దాచుకుని. "ఎప్పుడూ వచ్చే విమానం ముందు చక్రం గీత మీద ఉందా లేదా అనే చూస్తాం. తోక సంగతి తోచలేదు."

రాజుగారు నేల చూపులు చూస్తూ చెప్పారు. "తూర్పుకి తిప్పమన్నది మా అమ్మండి. ఆవిడ పూజ చేసిన గంటలోనే ఇలా అయింది. తన వల్లే అని తెలిస్తే తట్టుకోలేదని, నేనే వెనక్కి తిప్పించాను."

మాణిక్యాంబ కొడుకుని తేరిపార చూసింది.

"మరి ఈ పిల్లకి అమ్మ లేదా బాబూ?"



విజయ్ పాల్ లోవలక్ష్మి వైపు తిరిగాడు. "తోక కనిపించిందా?"

"కనిపించిందండి. డౌటొచ్చింది. పూజ దగ్గర ఇంజను ఆపేస్తే అపశకునం అంటారేమోనని భయపడ్డాను. లోకనాథ్ సార్ రమ్మంటున్నారు కదా అని పోనిచ్చాను. గీత తప్పకపోయినా, వాళ్లు రాయమన్నట్టే రాసిచ్చాను. ఆగాల్సిందండి."

"ఆగాల్సింది. అది రాస్తాను. మిగతాదంతా కూడా రాస్తాను. చదువు మానిపించేంత తప్పు నీది కాదమ్మా."

లోవలక్ష్మి అప్పుడు తల ఎత్తింది.

మాణిక్యాంబ కుర్చీలోంచి లేచి మెల్లగా నడుచుకుంటూ వచ్చింది. రెండు చేతులూ జోడించబోయింది. పెద్దవాళ్లు దండం పెడితే ఆయుష్షు తగ్గుతుందంటారు. లోవలక్ష్మి గబుక్కున ఆ చేతులు పట్టుకుంది.

"వద్దు మామ్మగారూ."

"నా పేరు చెప్పి నిన్ను ఏడిపించారు తల్లీ. సిగ్గుగా ఉంది."

విజయ్ పాల్ బ్యాగు సర్దుకుని బయటికొచ్చాడు. పులుసు వాసన ఇంకా వస్తూనే ఉంది. రాజుగారు కారు దాకా వచ్చి సాగనంపారు. భోంచేసి వెళ్లమని మాత్రం అనలేదు. అనడానికి ఆయనకి మొహం చెల్లలేదు.