సముద్రం పూరించిన మాటలు

నూకాలు బోర్డు ముందు నిలబడి, వేలితో గాలిలో దిద్దుకుంటూ కూడబలుక్కుని చదువుతోంది.

"నూ... కా... లూ. ఇక్కడ గాలి లేదు. నీ చేతి చారు మీదికే పోతోంది మనసు."

వెనకున్న ఆడవాళ్లు ఘొల్లుమన్నారు.

"ఓలమ్మో, నీ మొగుడు ఎల్లాజీకి నోరొచ్చినాది! ఈసారి మా ఆయన్ని కూడా ఆ పడవే ఎక్కించీయాల" అంది దానమ్మ.

కొత్తరేవులో ఇప్పుడు ఒడ్డు పొడుగునా ఇలాంటి బోర్డులే. చేపల వేటకెళ్లే ప్రతి పడవలోనూ ఒక మాటపెట్టె ఉంటుంది. అంత దూరం నుంచి గొంతును మోసుకురావడం బరువు పని. అందుకని పెట్టె మాటను విని అక్షరాలు చేస్తుంది, అక్షరాల్ని అంకెలు చేస్తుంది, ఆ అంకెల్ని ఆకాశంలో ఉన్న శాటిలైట్‌కి పంపుతుంది. ఒడ్డునున్న బోర్డు వాటిని మళ్లీ అక్షరాలుగా అల్లుతుంది. ఈ బోర్డుల కోసమే రేవులో ఆడవాళ్లు, తల నెరిసినవాళ్లతో సహా, ఇసకలో వేలు పెట్టి ఓనమాలు దిద్దారు. అంత కష్టపడి నేర్చుకున్నవాళ్లకి, అక్షరం కూడా అబద్ధమాడగలదని ఎందుకు తోస్తుంది?

అక్షరం లోపల ఏముందో చూస్తే ఎవరికైనా ఆశ్చర్యం వేస్తుంది. పైకి ఒక్క 'అ'. లోపల మూడు అంకెలు, ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని నిలబడి ఉంటాయి. దారిలో ఏ మెరుపో తగిలి ఒకటి చెడిపోయిందనుకోండి, మిగతా రెండూ ఏ అక్షరానికీ చెందకుండా పోతాయి. దాన్ని ఎన్‌కోడింగ్ ఎర్రర్ అంటారు. పాత యంత్రాలు అలాంటి చోట బిగుసుకుపోయేవి. లేదంటే చెడినదాన్ని చప్పుడు లేకుండా పారేసేవి. మరికొన్ని అక్కడ ఒక నల్లటి డైమండ్ గుర్తు పెట్టి ఊరుకునేవి. ఆ నల్ల గుర్తులు కనబడితే చాలు, రేవులో గుండెలు బాదుకునేవారు.

ఆ ఏడుపులు వినలేకే సైంటిస్ట్ సువర్చల ఇంకో దారి కనిపెట్టింది. చెడిన చోట ఆ మనిషి ఏమని ఉంటాడో ఊహించి, ఆమె ప్రోగ్రామ్ పూరిస్తుంది. ముందు అతని పాత మాటల్లో వెతుకుతుంది. ఎల్లాజీలాగా "ఊఁ, బాగున్నా" తప్ప ఇంకో మాట ఎరగని మనిషైతే, రేవులోని మొగుళ్లందరి మాటల్లోంచీ ఏరుకుంటుంది. ఒడ్డు నుంచి పెళ్లాం ఏమడిగిందో అది కూడా చూసుకుంటుంది.

లోతు సముద్రంలో గాలి తిరిగింది. అంకెలు చెడుతున్నకొద్దీ ఎల్లాజీ మాటలు తీపెక్కాయి. 'నీ ఎర్ర చీర కట్టుకో, వచ్చాక చూస్తాను' అని వచ్చింది. అందరూ బాగున్నారని బోర్డే చెబుతుంటే వెతకడానికి ఎవరు వెళతారు? ఎవరూ వెళ్లలేదు.

ఒక పొద్దుటిపూట నూకాలు ఎర్ర చీరలోనే బోర్డు ముందు నిలబడి ఉంది. 'రేపటికి నీ దగ్గరుంటాను' అని చదివి నవ్వుకుంది.

"నూకాలూ" అని వెనకనుంచి ఎవరో పిలిచారు.

ఎల్లాజీ. ఒళ్లంతా ఉప్పుకి పగిలి ఉంది. సముద్రం వైపు నుంచి కాదు, రోడ్డు మీంచి నడిచి వచ్చాడు. పడవ మునిగి చాలా రోజులైందట. ఒక సరుకుల ఓడ తననీ, పడవలోని మిగతావాళ్లనీ పైకి లాగి, ఎక్కడో ఉత్తరాన దింపిందట. అంతకుమించి ఏమీ చెప్పలేదు.

నూకాలు అతన్ని పట్టుకుని భోరుమంది. వాళ్ల తలల మీద బోర్డు మళ్లీ వెలిగింది.

'నిద్ర పట్టడం లేదు నూకాలూ. నువ్వు పక్కన ఉంటే బాగుండును.'

కొన్నాళ్లకి ఎల్లాజీ సువర్చల ఆఫీసుకి వచ్చాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మా ఇంటిది తలకి నూనె రాసుకోడం లేదు, మేడమ్‌గారూ."

"అయితే?"

"మనిషి వేటకెళ్తే, ఒడ్డుకొచ్చిందాకా మా ఆడోళ్లు నూనె ముట్టరు. నేను ఇంట్లోనే ఉన్నాను గదా. మరి వేటకెల్లినోడు ఎవుడు?"

సువర్చల కంప్యూటర్ తెరిచి, మునిగిన పడవ పెట్టె పంపుతున్న అంకెల్ని చూసింది. అది అలల ఊపుకే ఛార్జయ్యే పెట్టె. నీళ్లు నిండి ఎక్కడో తేలుతూ, ఆగకుండా పంపుతూనే ఉంది. వాటిలో అక్షరమయ్యే అంకె ఒక్కటీ లేదు. పడవ మునిగిన నాటి నుంచి అంతా పూరింపే.

ఆ సాయంత్రమే ఆమె నూకాలుని పిలిపించి విషయమంతా చెప్పింది.

"పూరించడం ఆపేస్తున్నాను, నూకాలమ్మా. అక్కడ మనిషి లేడు."

"ఆపీకండి తల్లీ!" నూకాలు ఆమె చెయ్యి పట్టేసుకుంది. "నిన్ననే సలేస్తందన్నాడు. మీరు ఆపీసినారంటే అక్కడే ఉండిపోతాడు."

"మీ ఆయన ఇంట్లో ఉన్నాడమ్మా!"

"ఉన్నాడు. అన్నం తిని పడుకుంటాడు." బోర్డున్న వైపు చెయ్యి చూపించి అంది, "వాడు నాతో మాటాడతాడు."

సువర్చల ఆపేసింది. బోర్డు మీద వరసగా నల్ల డైమండ్‌లు నిలిచాయి. నూకాలు వాటి ముందే కూర్చుండిపోయింది.

ఎల్లాజీ అది చూశాడు. మర్నాడే తన అన్న పడవ అడిగి తీసుకుని, కొత్త మాటపెట్టెతో వేటకెళ్లాడు. ఆకాశం నిర్మలంగా ఉంది. ఒడ్డు కనుమరుగయ్యాక పెట్టె దగ్గర నోరు పెట్టి, పుట్టి ఇన్నేళ్లలో ఎన్నడూ మాట్లాడనంత మాట్లాడాడు. బోర్డు మీద అక్షరాలు ఒక్కటొక్కటే వెలిగాయి.

'నూకాలూ. నీళ్లలో ఉన్నప్పుడు నీ పేరే అనుకున్నాను. వచ్చాక చెప్పలేకపోయాను. నాకు చెప్పడం రాదు. నువ్వంటే నాకు...'

అక్కడ ఆగి, చాలాసేపటికి, 'ఇష్టమే' అని వచ్చింది.

నూకాలు చదివింది. మళ్లీ మొదటి నుంచి వేలు పెట్టి చదివింది. లేచి సువర్చల దగ్గరికి పరుగెత్తింది.

"మేడమ్‌గారూ, మిషను పాడైనాది. మా మావ మాటలు తిన్నగా రావడం లేదు."

సువర్చల అంకెలన్నీ వరసగా చూసింది. మూడేసి మూడేసి చేతులు పట్టుకుని నిలబడి ఉన్నాయి. చెడింది ఒక్కటీ లేదు.

"ఇందులో తప్పేమీ లేదమ్మా. ఇవన్నీ అతని మాటలే."

"కాదు తల్లీ" అంది నూకాలు, చిన్నపిల్లకి నచ్చజెబుతున్నట్టు. "మా మావ ఇలాగ తడబడడు. కొంచెం బాగుచేసీండి."