తోడు పెట్టిన ఫోన్

దమయంతి కుంకుడు నురుగులో వేళ్ళు ముంచి, చచ్చిన ఫోన్ల పలకలను మెత్తటి కుంచెతో ఒక్కొక్కటే తోముతోంది. కెంపుపాలెంలో ప్రతి ఇంట్లోనూ పొద్దున్నే జరిగే పనే ఇది. అంగారకుడి ఎర్రదుమ్ము ఊరిని కప్పిన గాజు గొడుగుల్లోకి ఎలాగో దూరి, ఫోన్ల పేగుల్లో చేరుతుంది. కొత్తది కొందామంటే భూమి నుంచి ఓడ రెండేళ్ళకోసారి వస్తుంది. అందులో ముందు మందులు, తర్వాత విత్తనాలు. ఫోన్లకు చోటుండదు.

"ఇంకెంతసేపమ్మా? నాకు కాలు నిలవడం లేదు" అన్నారు సింహాచలం మాష్టారు. గ్రామ పరిశోధకులందరికీ పెద్ద ఆయన. దమయంతి ఇంటి ముందుగదే ఇవాళ ప్రయోగశాల.

"అప్ప రావాలండి. కొత్త ఫోన్ ఆవిడ ఎదురుగానే మోగాలి."

అప్ప అంటే దమయంతి అక్క సుగుణ. రెండో గొడుగు కింద వేరుసెనగ తోటలు చూస్తుంది. మూడేళ్ళుగా చెల్లెలు ఎప్పుడు ఫోన్ చేసినా దొరకదు. కలిసినప్పుడు అడిగితే, "మా వైపు సిగ్నల్ అందదే" అంటుంది. ఆ మాట వినీ వినీ, ఎలాగైనా అప్పకు మంచి ఫోన్ చేసివ్వాలని దమయంతి పదకొండు నెలల కిందట పనికి కూర్చుంది.

విరిగిన ఫోన్లకు కొదవ లేదు. చిక్కల్లా ఒక కంపెనీ తెర ఇంకో కంపెనీ బ్యాటరీని చూస్తే మొహం తిప్పుకోవడమే. అందుకని దమయంతి నానోకణాలతో ఒక ముద్ద చేసింది. అది విడిభాగాల మధ్య దారాలు అల్లి, ఒకదాని భాష ఇంకోదానికి నేర్పుతుంది. కానీ అసలు ఫోన్‌లా నడుచుకోవడమెలాగో దానికెవరు చెప్పాలి? బతికున్న ఫోన్‌లో, ప్రాసెసర్ మీద 'వాడుక జిగురు' ఉంటుంది. యజమాని అలవాట్లన్నీ అందులో ఇంకి ఉంటాయి. పాలలో పెరుగు వేసినట్టు ఆవగింజంత జిగురు ఈ ముద్దలో వేస్తే చాలు, మిగతాదంతా అదే తోడుకుంటుంది.

"నా ఫోన్‌లోది తీసుకో" అన్నారు మాష్టారు. దమయంతి ఒప్పుకోలేదు. అప్ప ఫోన్‌కు అప్ప తోడే ఉండాలని, కిందటి వారం వెళ్ళి అడిగింది. సుగుణ కాసేపు తటపటాయించింది. కానీ తోడు అడిగిన మనిషిని ఒట్టిచేతులతో పంపకూడదన్న ఆచారం మనుషులతోపాటు అంగారకుడి దాకా వచ్చేసింది. ఇవ్వక తప్పలేదు.

"ఒలే, ట్రాములో నిలబడే వచ్చాను! ఏటంత తొందర?" అంటూ సుగుణ ఉడికిన వేరుసెనక్కాయల మూటతో లోపలికొచ్చింది.

"కూకో అప్పా. నీ ఫోన్ లేస్తంది."

"ఇప్పుడు నాకెందుకే? ఉన్నదాంతో గడిచిపోతంది గదా."

"గడిచిందిలే మూడేళ్ళు!"

దమయంతి ఆరిన పలకను, అప్ప తోడు వేసిన ముద్ద ఉన్న పెట్టెలో అమర్చింది. తొమ్మిది ఫోన్ల ముక్కల మధ్య వెండి దారాలు సాలెగూడులా పాకాయి. తెర వెలిగింది.

"నమస్తే సుగుణ గారూ."

మాష్టారు చిన్నపిల్లాడిలా గంతేశారు. వెంటనే తన ఫోన్ నుంచి కాల్ చేశారు. మోగింది! ట్రాము స్టేషన్ వాళ్ళ చేత చేయించారు. అప్పుడూ మోగింది.

"ఇంక నేను" అంది దమయంతి. అప్ప నంబరు నొక్కింది.

మోగలేదు. "సిగ్నల్ అందడం లేదు" అని మర్యాదగా వినిపించింది. ఫోన్ జానెడు దూరంలోనే ఉంది. తెర మీద సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నాయి.

దమయంతి యాంటెన్నా మార్చింది. దారాలు మళ్ళీ అల్లించింది. మాష్టారు చేస్తే మోగుతుంది. తను చేస్తే మోగదు.

"వదిలేయవే, ఎండెక్కుతంది" అంది సుగుణ, ఒలిచిన కాయనే మళ్ళీ ఒలుస్తూ.

"ఉండప్పా, పట్టేస్తాను!" దమయంతి ఫోన్ మీదికి వంగింది. "లోపం ఎక్కడో చెప్పు."

"లోపం లేదు. దమయంతి గారు చేస్తే సిగ్నల్ లేదని చెప్పాలి. ఈ అలవాటు తోడులో వచ్చింది. వాడుక పన్నెండు వందల ఆరు సార్లు."

"ఎందుకు?"

"కారణం నమోదు కాలేదు. అంతకుముందు ఎత్తిన ఆవిడ కాల్స్ సగటు నిడివి గంటా నలభై నిమిషాలు."

"బ్రహ్మాండం!" మాష్టారు బల్ల చరిచారు. "అలవాటు కూడా తోడుకుందమ్మా! మనం అనుకున్నదానికి పదింతలు..." అని, అక్కాచెల్లెళ్ళ మొహాలు చూసి ఆగిపోయారు.

"అవునండి" అంది దమయంతి. "బాగా పనిచేస్తంది."

సుగుణ లేచింది. ఒళ్ళో పడ్డ తొక్కలు దులుపుకుంది. బల్ల మీది కొత్త ఫోన్ తీసి, కొంగుతో తుడిచి, నడుముకు దోపుకుంది. చెల్లెలి మొహం చూడకుండా చెప్పులు వేసుకుని, గుమ్మం దాటి వెళ్ళిపోయింది.