శిత్నా బావి నీళ్ళు

"శిత్నా నీళ్ళు రెండు డబ్బాలు ఇవ్వు" అని అడిగిన మనిషి, చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. చెవి వెనక అంటించుకున్న మూలశ్రవణి అతనితో అప్పుడే చెప్పింది: "శిత్నా. హెబ్రీ మాట. అర్థం, పగ. పూర్వం కాపరులు తవ్వుకున్న బావి కోసం పొరుగువాళ్ళు తగవుకొస్తే పెట్టిన పేరు. ఈ ఊళ్ళో పెట్టినవాడు ఏసోబు, తన బావిని గమలీయేలు లాక్కున్న రోజున."

ఏ పేరు పలికినా దాని పుట్టుక చెవిలో వినబడే కాలం అది. అయితే పేరు పెట్టినవాళ్ళ వారసులు సాక్ష్యమిస్తేనే యంత్రం నోరు విప్పుతుంది. ఏసోబు కూతురు దెబోరమ్మ నిన్ననే పేర్ల కచేరీకి వెళ్ళి సాక్ష్యమిచ్చి వచ్చింది.

గమలీయేలు తెలివి ఏమని చెప్పాలి. బావి గట్టు రాతి మీద ఏసోబు చెక్కిన మాట చూసి, లేఖనాల్లోని పేరు కదా, మంచిదే అయ్యుంటుందనుకున్నాడు. నీళ్ళ డబ్బాలకు అదే పెట్టాడు. అక్కడితో ఆగాడా, మనవరాలికీ అదే పెట్టాడు. ఏసోబు మాత్రం తాను తవ్విన బావి నీళ్ళే కొనుక్కుని తాగుతూ చచ్చిపోయాడు.

సాయంత్రం గమలీయేలు దెబోరమ్మ ఇంటికొచ్చాడు.

"అక్కా, ఆ మాట ఎనక్కి తీసుకో."

"మా నాన్నని ఎనక్కి తీసుకురా, తీసుకుంటా."

"పసిదాని పేరు గదా అది."

"పెట్టింది నువ్వే గదా. అర్థం కనుక్కుని పెట్టాల్సింది."

ఆ పూట దెబోరమ్మ కడుపునిండా తిన్నది.

వారం తిరక్కుండానే బావి మీద కొత్త బోర్డు వెలిసింది: రహెబోతు. ఆ కాపరులే తరవాత తవ్వుకున్న బావి పేరు. చోటు దొరికిందని అర్థం. చట్టం ప్రకారం స్థలం పేరు యజమాని ఎప్పుడైనా మార్చుకోవచ్చు. మనిషి పేరు మాత్రం పెద్దయ్యాక ఆ మనిషే మార్చుకోవాలి. నీళ్ళు మళ్ళీ ఎప్పటిలాగే అమ్ముడుపోయాయి. దెబోరమ్మకు ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు గమలీయేలు మనవరాలు ఆమె గుమ్మంలో నిలబడింది. తొమ్మిదేళ్ళ పిల్ల.

"నా పేరుకి అర్థం చెప్పింది నువ్వేనా?"

"నేనే."

"మా అమ్మ కూడా పేరు పెట్టి పిలవట్లా. 'ఇటు రా' అంటంది. బళ్ళో 'ఏయ్' అంటన్నారు."

గమలీయేలుకు తగలాల్సిన దెబ్బ ఈ పిల్లకు తగిలింది. తప్పయిందని దెబోరమ్మ చెప్పబోయింది. పిల్ల చెప్పనివ్వలేదు.

"తాత బావి పేరు మార్చుకున్నాడు. నన్ను ఇట్టాగే వదిలేశాడు. పగ అని నన్నే అంటన్నారు గదా, అయితే నేనే తీర్చుకుంటా. ఆ బావి మీ నాన్నదని ఎవరి దగ్గర చెప్పాలి?"

దెబోరమ్మకు భయం వేసింది. ఆ వయసు పిల్ల కళ్ళల్లో ఉండకూడని చూపు అది. వద్దని మందలించాలని కూడా అనుకుంది. కానీ "లోపలికి రామ్మా, కూచో" అంటున్నప్పుడు ఆమె గొంతులో సంతోషం దాగలేదు.