కార్డు వెనక రాత

అంబిక మూడోసారి దుప్పటి మడిచి సంచీలో పెట్టింది. చైత్ర మూడోసారి తీసి మంచం మీద వేసింది.

"మద్రాసులో కప్పుకునేదానికి ఏమీ ఇయ్యరంట" అంది అంబిక.

"ఎవురు చెప్పినారమ్మా?"

"ఎవురూ చెప్పలే. నాకే అట్ల అనిపించింది."

కుందారపల్లిలో ఆ ఇంటి నుంచి రైఫిల్ పోటీకి పోతున్న మొదటి మనిషి చైత్ర. మామిడి తోపులో కోతుల్ని బెదిరించడానికి నాన్న వెంకటేశప్ప కొన్న ఎయిర్‌గన్‌తో ఆకుల మీద గురి నేర్చుకున్న పిల్ల. ఇప్పుడు కాలేజీ చివరి సంవత్సరం. ఆదివారం వస్తే హోసూరు క్లబ్బు, పది మీటర్ల దూరంలో ఒక కార్డు, దాని మీద నల్లటి గుండ్రం, దాని నడిమధ్య చుక్కంత పది. మద్రాసులో ఆ చుక్క తప్పకపోతే రాష్ట్రం టీములో చోటు.

ఇంకో సంగతి కూడా తేలాలి. "పోయొచ్చినాక నీ మనసులో ఎవురుండారో చెప్పమ్మా. ఆడికే ఇస్తా" అన్నాడు వెంకటేశప్ప. ఆ మాట చెవిన పడినప్పటి నుంచి యతీశ్‌కి అన్నం సహించడం లేదు.

యతీశ్ అంబిక అన్న కొడుకు. హోసూరులో లేత్ మిషను మీద పని. చైత్ర రైఫిల్ గొట్టం చివర అదురు తగ్గేలా ఇత్తడి కడియం చేసి ఇచ్చింది అతనే. మద్రాసుకి తానూ పోవాలని నాలుగు రోజులు లీవు పెట్టి, టికెట్టు కూడా కొన్నాడు.

"నువ్వెందుకు బావా?" అని చైత్ర అడిగితే, "కడియం వదులైతే ఎవురు బిగిస్తారు?" అన్నాడు. అసలు భయం కడియం గురించి కాదు. కోచ్ అనంతకుమార్ గురించి.

సంచీ పక్కన కార్డుల కట్ట కనిపించింది. యతీశ్ తీసి చూశాడు. కార్డుకి అయిదు గుండ్లు. అయిదూ ఒకే చిల్లులో దూరినట్టున్నాయి. వెనక్కి తిప్పాడు. కొట్టినాక కార్డు వెనక పెన్సిల్‌తో రాయాలని అనంతకుమార్ పెట్టిన పద్ధతి: ఏం తిన్నారు, ఎంతసేపు నిద్రపోయారు, వెనక ఎవరు నిలబడ్డారు. గురి ఎందుకు కుదిరిందో తెలియడానికి.

"రాగి సంగటి. ఏడు గంటలు. వెనక సార్."

ఇంకో కార్డు. "ఇడ్లీ. ఆరు గంటలు. వెనక సార్."

అన్నీ పదులే. అన్నిటి వెనకా సారే.

"ఆయప్ప వెనకాలుంటే గురి బాగా కుదురుతాదే" అన్నాడు యతీశ్.

"కుదురుతాది. ఏమిప్పుడు?"

"నేనొచ్చిన దినాల కార్డులు యాడ?"

చైత్ర గబుక్కున కట్ట లాక్కుంది. ముఖం ఎర్రబడింది. "లేవు."

"పారేసినావా?"

"బస్సుకు టైమైంది, పద బావా."

మోపెడ్ మీద కృష్ణగిరి దాకా సన్నటి తుంపర. సంచీ తడవకుండా చైత్ర దాన్ని ఒళ్ళో పెట్టుకుని పైట కప్పింది. తాను తడుస్తున్నా పట్టించుకోలేదని యతీశ్‌కి ఆ సంచీ మీద కూడా అసూయ పుట్టింది.

బస్టాండులో అనంతకుమార్ రైఫిల్ పెట్టెతో నిలబడి ఉన్నాడు. పోటీకి వస్తున్న ఇంకో ఇద్దరు ఆడపిల్లలు అప్పటికే బస్సెక్కారు. చైత్ర కూడా ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. యతీశ్ వైపు చూడలేదు.

"యతీశ్, ఒక నిమిషం" అని అనంతకుమార్ పక్కకి పిలిచి, రబ్బరు బ్యాండు వేసిన కట్ట ఒకటి చేతిలో పెట్టాడు. "పోటీకి పోయేటప్పుడు చెడ్డ కార్డులు సంచీలో ఉండకూడదని మా పిల్లలకు ఒక నమ్మకం. అందుకని చైత్ర నాకాడ దాచింది. నెలైంది. నేను ముందే ఇయ్యాల్సింది నీకు."

యతీశ్ విప్పాడు. ఒక్క కార్డులోనూ పది లేదు. గుండ్లు ఒకటి ఈడ, ఒకటి ఆడ. వెనక అదే పెన్సిల్.

"సంగటి. ఏడు గంటలు. వెనక బావ. ఊపిరి నిలవలేదు."

"వెనక బావ. గుండె దడ. గొట్టం అదిరింది."

"బావ ఇత్తడి కడియం తెచ్చినాడు. కడియం వేసినా అదిరింది."

పదకొండు కార్డులు. యతీశ్ రెండుసార్లు చదివాడు. కండక్టర్ విజిల్ వేసినా అతనికి వినబడలేదు. అనంతకుమార్ భుజం తట్టి బస్సెక్కించబోతే వెనక్కి జరిగాడు.

కిటికీ దగ్గరికి పోయాడు. "నేను రావడం లేదు."

చైత్ర తల తిప్పింది. "ఇంకా కోపమా?"

"కాదు. నేనొస్తే నీ గురి పోతాది."

"ఎవురు చెప్పినారు?"

"నువ్వే. పెన్సిల్‌తో."

అతని చేతిలోని కట్ట చూసి ఆమె రెండు చేతులతో ముఖం కప్పుకుంది. వేళ్ళ సందుల్లోంచి, "సార్‌తో పంపేదానికి నీకేం కాదా?" అంది.

"అవుతాది. కడుపు మండతా ఉండాది" అన్నాడు యతీశ్ నిజాయితీగా. "అయినా పోయిరా."

బస్సు కదిలింది. ముందు సీటులో అనంతకుమార్ పెట్టెను ఒళ్ళో పెట్టుకుని రోడ్డు వైపే చూస్తున్నాడు.

చైత్ర గురువారం తిరిగొచ్చింది. టీములో చోటు దొరికింది. వెంకటేశప్ప అడగకముందే "బావ" అని చెప్పింది.

"ఇది చెప్పేదానికి మద్రాసు దాకా పోవల్నా?" అన్నాడాయన. అంబిక నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది.

పోటీ కార్డు యతీశే తిప్పి చూశాడు. "పెరుగన్నం. అయిదు గంటలు. వెనక ఎవరూ లేరు. సార్ లోపలికి రానన్నారు."

హోసూరు క్లబ్బు తాళంచెవిని అనంతకుమార్ ఆ ఇద్దరు ఆడపిల్లల చేత పంపించాడు. తాను మద్రాసులోనే ఏదో ఉద్యోగం చూసుకున్నానని కబురు.

అనంతకుమార్ 2001 ఆగస్టు 11, శనివారం మధ్యాహ్నం కృష్ణగిరిలో ఆ బస్సెక్కాడు. మళ్ళీ రాలేదు.