విమానంలో విడిచిన ఉపవాసం

“దొంగ చేత్తో కాచిన గంజి నాకొద్దు,” అన్నాడు సుబైర్ మూడోసారి.

“పన్నెండేళ్ల నుంచి తాగుతూనే ఉన్నావుగా! వద్దనుకుంటే నువ్వే పొయ్యి దగ్గర నిలబడు,” అంది తల్లి ఖదీజుమ్మ.

పొయ్యి దగ్గర రసీనా గరిటె ఆపలేదు. చనిపోయిన తమ్ముడి భార్య ఆమె. రేపే పుట్టింటికి పంపేయాలని సుబైర్ పట్టు. రసీనా కబురు పెడితేనే ప్రైవేట్ డిటెక్టివ్ అన్నమ్మ కురువిళ, సహాయకురాలు బీన కొచ్చి దగ్గర ఆలువాలోని ఆ ఇంటికి వచ్చారు.

కిందటి సోమవారం ఇఫ్తార్‌కి అందరూ పొరుగింటికి వెళ్లారు. జ్వరంతో రసీనా ఒక్కతే పడుకుంది. తిరిగొచ్చేసరికి, మామగారు చనిపోయే ముందు వీలునామా రాసి అంటించిన కవరు బీరువాలో లేదు.

“తనకేమీ రాయలేదని భయపడి చింపేసింది,” అన్నాడు సుబైర్.

“ఆ వేళకి మీరెక్కడ?” అడిగింది అన్నమ్మ.

“ఆకాశంలో! మా బామ్మర్దిని చూడ్డానికి మొదటిసారి లండన్ వెళ్లాను. కొచ్చిలో మధ్యాహ్నం ఒంటిగంటకి విమానం. ఎనిమిది వేల కిలోమీటర్లు, పదిన్నర గంటలు, ఎక్కడా ఆగదు.”

“ప్రయాణంలో ఉపవాసం మానొచ్చుగా?”

“నేను మానలేదు. మా ఉమ్మని అడగండి,” అని తల్లిని చూపించాడు.

ఖదీజుమ్మ ముఖం వెలిగింది. “వీధంతా చెప్పుకున్నాను.”

“ఎప్పుడు విడిచారు?”

“వాచీలో మన టైమే ఉంది. ఆరున్నర దాటింది. కిటికీలోంచి చూస్తే పొద్దు గుంకింది. ఖర్జూరం నోట్లో వేసుకున్నాను.”

బీన అంతా రాసుకుంది. ఇందులో తప్పేముందో ఆమెకు అంతుపట్టలేదు. అన్నమ్మ మాత్రం అందరినీ హాల్లో కూర్చోమంది.

“సూర్యుడు పడమటికి పోతాడు. లండన్ విమానమూ పడమటికే పోతుంది. అది దిగేది మన టైము పదకొండున్నరకి. అక్కడ అప్పటికి సాయంత్రం ఆరే. అంటే దారి పొడవునా కిటికీలో ఎండే. నిజంగా ఎక్కినవాడైతే, దాదాపు ఐదు గంటలు ఎక్కువ ఉపవాసం ఉన్నానని ఈపాటికి ఊరంతా చాటేవాడు. సుబైర్, మీరు చూసిన సూర్యాస్తమయం ఆలువాలోది.”

“మరి లండన్ ఎలా వెళ్లాడు అక్కా?” బీన ఆగలేకపోయింది.

“టికెట్ మార్చుకుని, ఆ రాత్రి విమానంలో. చీకట్లో వెళ్లాడు కాబట్టే ఈ ఎండ సంగతి తెలీలేదు. ఏ విమానం ఎక్కాడో పోలీసులు అడిగితే చిటికెలో చెబుతారు.”

“ఉమ్మా, ఈవిడ మాటలు...”

“కవరెక్కడ?” అంది ఖదీజుమ్మ.

సుబైర్ భార్య తల దించుకుంది. అతను మెల్లగా మేడెక్కి, చింపిన కవరు తెచ్చి బల్ల మీద పెట్టాడు. బీన చదివింది. ఇంట్లో మూడో వంతు రసీనా పేర ఉంది.

రసీనా కొంగుతో ముఖం కప్పుకుంది. ఖదీజుమ్మ కాగితం మడిచి కవర్లో పెట్టింది. ఆమె గొంతు పెరగలేదు.

“పండగ వెళ్లాక సుబైర్ వేరే ఇల్లు చూసుకుంటాడు. రసీనా ఇక్కడే ఉంటుంది. నేను దాని దగ్గరుంటాను.”