రేణిగుంట దారిలో మూడు గంటలు

నెల్లూరులో డిటెక్టివ్ జడ్సన్ ఆఫీసుకు వచ్చిన టైటస్, కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"సాయంత్రం మా ఓనరమ్మ పోలీసు కంప్లైంటు ఇస్తుందంట సార్. దొంగ అనే పేరు పడితే నాకింక ఎవరూ స్టీరింగ్ ఇవ్వరు."

అల్లూరు దగ్గర రొయ్యపిల్లల హేచరీలో అతను వ్యాన్ డ్రైవరు. నిన్న చెన్నై విమానాశ్రయంలో ఒక పెట్టె, ఆరు గంటల తర్వాత రేణిగుంట విమానాశ్రయంలో ఇంకో పెట్టె ఎక్కించుకుని ఈ తెల్లవారుజామున హేచరీకి చేర్చాడు. రెండింటిలోనూ మేలుజాతి తల్లి రొయ్యలు ఉండాలి. చెన్నై పెట్టెలో మాత్రం ముసలి రొయ్యలు బయటపడ్డాయి.

"రెండు ఎయిర్‌పోర్టుల మధ్య మూడు గంటల దారి. నీకు ఆరు పట్టిందేం?" జడ్సన్ అడిగాడు.

"పుత్తూరు ఇవతల రోడ్డు మీదికి వాగొచ్చింది సార్. వ్యాన్ దిగకుండా కూర్చున్నా. చెప్తే ఎవరింటారు? ఫోన్‌లో మ్యాపు చూపిస్తారు."

జడ్సన్ లేచాడు. అసిస్టెంట్ అనూష వెంట నడిచింది.

హేచరీలో యజమాని ఆదిశేషమ్మ ముఖం చిన్నబోయి ఉంది. మేనేజరు గిరిబాబు మాత్రం హుషారుగా ఉన్నాడు.

"మ్యాపు అబద్ధం చెప్తుందా సార్? పెట్టె మార్చేదానికి మూడు గంటలెందుకు, పది నిమిషాలు చాలు!"

"రేణిగుంట నుంచి ఇక్కడికి?"

"అది సరిగ్గానే వచ్చినాడు, ఎక్కడా ఆగకుండా మూడున్నర గంటలు. పెట్టెలు నేనే దించి, అమ్మ వచ్చేదాకా చల్లగదిలో పెట్టినా."

జడ్సన్ ఆదిశేషమ్మ వైపు తిరిగాడు. "ప్రయాణంలో వీటికి మేత పెడతారా అమ్మా?"

"అయ్యో, ముందురోజే ఆపేస్తారు నాయనా. లేకుంటే సంచిలో నీళ్లు చెడిపోవూ? రొయ్య కడుపెంత, రెండు గంటల్లో ఖాళీ."

పెట్టె తెరుస్తూ ఆమె తీసిన వీడియోను జడ్సన్ రెండుసార్లు చూశాడు. అనూష చూపు చివరి తొట్టి మీద ఉంది. కడగడానికి ఖాళీ చేశామని గిరిబాబు చెప్పిన తొట్టి అది. పైన కప్పిన పట్టా కింద గాలి బుడగల చప్పుడు. ఆమె ఆ సంగతి జడ్సన్ చెవిన వేసింది.

అతను అందరినీ ఆ తొట్టి దగ్గరికి పిలిచాడు. టైటస్ దూరంగా గోడకు ఆనుకున్నాడు.

"అమ్మా, వీడియోలో ఈ రొయ్యల వీపు మీద ముదురు గీత ఏమిటి?"

"పేగు. తిన్న మేత అట్లా..." ఆమె ఫోన్ దగ్గరికి తెచ్చుకుని చూసింది. "నిండుగా ఉంది."

"రేణిగుంటకు ముందే మార్చి ఉంటే, ఇక్కడికొచ్చేసరికి ఆ గీత చెరిగిపోయేది. వ్యానులో దొంగ రొయ్యలకు ఎవరూ మేత పెట్టరు. ఇవి ఈ హేచరీ తొట్టిలోవే, పెట్టె దిగాక మేత తిన్నాయి. మేత చల్లితే ఒక్కచోట మూగుతాయి, వలకు సులువు. ఆ తొందరలో గిరిబాబు గారు పేగు సంగతి మరిచిపోయారు. మనమంతా దారిలోని మూడు గంటల్నే తవ్వుతున్నాం. ఆయనకు కావలసిందీ అదే."

అనూష పట్టా లాగింది. అడుగున మెరుస్తూ మేలుజాతి తల్లి రొయ్యలు.

"వేరే హేచరీ వాళ్లు మంచి రేటు ఇస్తామన్నారమ్మా..." గిరిబాబు తల ఎత్తలేదు.

ఆదిశేషమ్మ అతని వంక చూడలేదు. వ్యాన్ తాళాలు తీసుకుని గోడ దగ్గరికి వెళ్లింది.

"వచ్చేవారం ఇంకో పెట్టె ఉంది, టైటస్."

అతను తాళాలు అందుకోలేదు.

"ఈసారి మీరూ రండమ్మా. దారి ఎంతసేపో మీరే చూద్దురు."

ఆమె తాళాలు అతని చేతిలో పెట్టి అంది: "ముందు సీటు తుడిపించు. వస్తా."