బ్రేకు లేని కోపం

"ఎనిమిదిన్నరకి బుక్ చేసుకుని తొమ్మిదింపావుకి వచ్చారు. మెషిన్ మీకోసం ఎదురుచూస్తూ కూర్చోవాలా మేడమ్?"

యోలీస్వా జుట్టులోంచి వాన నీళ్లు కారుతున్నాయి. ప్రయోగాల ఎలుకలుండే భవనం నుంచి కణాలున్న ఐసు డబ్బా గుండెకి హత్తుకుని, కేప్‌టౌన్ జూలై చలికాలపు వానలో పరుగెత్తుకొచ్చింది. ఎదురుగా కణాలు లెక్కపెట్టే మెషిన్‌కి వచ్చిన కొత్త ఆపరేటర్, లుఖాన్యో అట, తాపీగా నూనెలో వేయించిన గ్వీన్యా ఉండ నములుతున్నాడు.

"గంట ఆగితే కణాలకి అంటించిన రంగులు వెలిసిపోతాయి. ఆరు వారాల పని!"

"నాది ఐదు నిమిషాల టిఫిన్."

"తినండి. నేనే నడుపుకుంటా మెషిన్‌ని."

ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. అతను గబుక్కున లేచాడు. "అమ్మో! ముట్టుకోకండి. దానికి మీలాగే కోపం ఎక్కువ."

రంగులు వెలిసిపోకముందే లెక్క పూర్తయింది. వెళ్తూ వెళ్తూ యోలీస్వా ఒక మాట విసిరింది. ఒక్క అంతస్తు ఎక్కడానికి అతను లిఫ్ట్ కోసం నిలబడి ఉంటే, "కాళ్లు కూడా బుక్ చేసుకోవాలా సార్?" అని. అతను నవ్వాడు.

టీబీ క్రిమితో పోరాడే కణాల మీద ఒక రిసెప్టర్ ఉంటుంది. కొట్టింది చాలు, ఇక ఆపు అని కణానికి చెప్పేది అదే. ఆ బ్రేకుని మందుతో మూసేస్తే కణాలు ఇంకా గట్టిగా కొడతాయనీ, రోగం త్వరగా తగ్గుతుందనీ యోలీస్వా పనిచేసే ల్యాబు పెద్ద ప్రొఫెసర్ ఫూరీ నమ్మకం. ఈ ఏడాది చివర్లో ఆ మందు రోగులకి ఇవ్వబోతున్నారు.

యోలీస్వా ఎలుకలు మాత్రం ఒప్పుకోలేదు. ఆ రిసెప్టర్ లేకుండా పుట్టిన ఎలుకల్లో కణాలు రెచ్చిపోయాయి, నిజమే. కానీ ఊపిరితిత్తులు పుండైపోయాయి. క్రిములు తగ్గకపోగా పెరిగాయి. మామూలు ఎలుకలకంటే ముందే అవి చచ్చిపోయాయి.

ప్రొఫెసర్ కాగితం చూసి పక్కన పడేశాడు. "ఆ ఆపరేటర్ కొత్తవాడు. మెషిన్ తప్పు చూపించింది. ఎలుకలు వేరే జబ్బుతో చచ్చుంటాయి. ఆ గుంపుని లెక్కలోంచి తీసెయ్."

ఆమె తిన్నగా మెషిన్ గదికి వెళ్లింది. "మీ మెషిన్ తప్పట."

లుఖాన్యో ముఖం ఎర్రబడింది. "ఎవడన్నాడు? రోజూ పొద్దున్నే సరిచూస్తా దాన్ని. మళ్లీ చేద్దాం. ఎన్నిసార్లైనా!"

మళ్లీ చేశారు. కొత్త ఎలుకలు, కొత్త రంగులు. చలికాలం పోయి, ఎండాకాలం తెచ్చే ఆగ్నేయపు గాలి మొదలయ్యే వేళకి మూడోసారి కూడా అయింది. అదే ఫలితం. ఈలోగా "మేడమ్" పోయి "యోలీ" వచ్చింది. గ్వీన్యాలు రెండు పొట్లాలయ్యాయి.

ఆ రోజు లిఫ్ట్ చెడిపోయింది. "పద, మెట్లెక్కి పోటీ!" అని యోలీస్వా పరుగెత్తింది. పైకెళ్లి వెనక్కి చూస్తే అతను సగం మెట్ల దగ్గర కమ్మీ పట్టుకుని, ఊపిరి అందక వంగిపోయి ఉన్నాడు.

"లుఖాన్యో! ఏమైంది?"

"ఏం లేదు." మెట్టు మీద కూర్చుని చెప్పాడు. "పంతొమ్మిదేళ్లప్పుడు టీబీ. మందులు మింగా, క్రిములు పోయాయి. ఎడమ ఊపిరితిత్తి సగం పోయింది. దాన్ని పాడుచేసింది ఎక్కువగా నా ఒంటి కోపమేనని డాక్టర్ చెప్పాడు. క్రిమి మీద కోపం, ఇల్లంతా తగలబెట్టేసింది."

"నేను... లిఫ్ట్ అని ఎగతాళి చేశాను."

"బాగా చేశావు. జాలిపడనిది నువ్వొక్కదానివే. ఇప్పుడు మొదలుపెట్టకు."

ఆమెకి ఏడుపొచ్చింది. ఏడవలేదు. "శుక్రవారం ఆ మందు మీద మీటింగుంది కదా. ఆ గుంపుని తీసెయ్యను," అంది.

శుక్రవారం హాలు నిండా జనం. యోలీస్వా చచ్చిన ఎలుకల కణాల లెక్క తెర మీద వేసింది. ప్రొఫెసర్ ఫూరీ లేచాడు. "అది మెషిన్ తప్పని చెప్పానుగా. కూర్చో."

"కూర్చోను సార్. ఇంకా అయిపోలేదు."

"మెషిన్ తప్పు కాదు!" వెనక వరసలోంచి గొంతు. ఆపరేటర్లు ఆ మీటింగులో మాట్లాడకూడదు. లుఖాన్యో నిలబడి మాట్లాడుతున్నాడు. "మూడుసార్లు నడిపాను. ప్రతిరోజు లెక్కా నా దగ్గరుంది. ఎవరికైనా చూపిస్తా. రేపు ఆ మందు పడేది నాలాంటివాళ్ల ఊపిరితిత్తుల్లో సార్."

రోగుల భద్రత చూసే పెద్ద డాక్టరమ్మ కళ్లజోడు తీసి, "ఆ లెక్కలన్నీ తెప్పించండి. ఇది తేలేదాకా ఒక్క రోగికీ మందు పడదు," అంది.

బయటికొచ్చాక ప్రొఫెసర్ పళ్లు కొరికాడు. "సోమవారానికల్లా నీ బల్ల ఖాళీ చెయ్."

"సోమవారం దాకా ఎందుకు సార్, ఇప్పుడే చేస్తా!"

అట్టపెట్టె మోసుకుంటూ మెట్లు దిగింది. పదిరోజులకి ఆ డాక్టరమ్మే తన ల్యాబులో చోటిచ్చింది గానీ, ఆ పదిరోజులూ నిద్రపట్టలేదు.

అసలు యుద్ధం ఇంట్లో మిగిలింది. ఆదివారం లుఖాన్యో శుభ్రమైన చొక్కా వేసుకుని ఊరి శివారు ఖయెలిట్షాలో యోలీస్వా వాళ్లింటికి వచ్చాడు. ఆమె తల్లి నోమాలిజో అతని టీబీ గురించి ముందే ఆరా తీసి పెట్టుకుంది. కిటికీలన్నీ బార్లా తెరిచింది. తమకి పింగాణీ కప్పుల్లో టీ పోసి, అతనికి ప్లాస్టిక్ కప్పు పెట్టింది.

"అమ్మా, ఏంటిది?"

"మీ నాన్న కూడా నయమైందనే అన్నాడు. ఆర్నెల్లకి మట్టిలో పెట్టాం. నువ్వూ నాలా ఒంటరిదానివి కావాలా?"

లుఖాన్యో ప్లాస్టిక్ కప్పు అందుకున్నాడు. "ఫర్వాలేదమ్మా. మీ భయం నాకు తెలుసు. పదేళ్లుగా నాకు ఈ కప్పే ఇస్తున్నారు అందరూ."

యోలీస్వా ఆ కప్పు అతని చేతిలోంచి లాక్కుంది. సగం గటగటా తాగింది. నాలుక కాలింది.

"నాన్న మందులు మధ్యలో మానేశాడమ్మా. ఇతను ఒక్కరోజు మానలేదు. ఇతని నుంచి ఎవరికీ ఏదీ అంటదు. రోజూ ఆ క్రిమితోనే పనిచేసే నేను చెప్తున్నా. ఇతన్ని ప్రేమించాను. పెళ్లంటూ చేసుకుంటే ఇతన్నే. నీకు భయంగా ఉంటే కిటికీలు తెరిచే ఉంచు. చలేస్తే దుప్పటి కప్పుకుంటాం!"

కిటికీలోంచి చల్లగాలి విసురుగా కొట్టింది.

లుఖాన్యో చిన్నగా దగ్గాడు. దగ్గినందుకు తనే కంగారుపడ్డాడు. "యోలీ, ప్రేమ సంగతి నాతో ఇంకా చెప్పలేదు. మీ అమ్మకి ముందు చెప్పేశావా?"

"నువ్వు మాత్రం చెప్పావా?"

"చెబుదామనే వచ్చాను. నువ్వు నా టీ తాగేశావు."

నోమాలిజో పెదవి బిగబట్టింది. అయినా ఒక మూల నుంచి నవ్వు జారింది. లేచి వెళ్లి ఒక కిటికీ మూసింది. ఒక్కటే.

"అబ్బాయ్," అంది వెనక్కి తిరక్కుండా. "వచ్చే ఆదివారం మీ పెద్దవాళ్లని తీసుకురా. మాట్లాడేది నేను. ఇది నోరు విప్పకూడదు."

"విప్పుతాను!" అంది యోలీస్వా.